రివర్ట్ చేయగలరు

హరిత మొదట రాసింది ‘రిప్లై’ అనే. ఆ మాట కొట్టేయించినవాడు మేనేజర్ రామ్మోహనరావు.

“చూడమ్మా, రిప్లై అనేది ఇంట్లో వాడుకునే మాట. క్లయింటుకు రాసేటప్పుడు కాస్త బరువుండాలి. రివర్ట్ అని పెట్టు.”

ఆయనకు అన్నీ బరువుగానే ఉండాలి. భోజనానికి వెళ్ళడు, లంచ్‌కు ప్రొసీడ్ అవుతాడు. కదిరి దగ్గర పల్లెలో తెలుగు మీడియం చదివిన హరిత, ఇంగ్లీషు దగ్గర ఎవరికీ ఎదురు చెప్పదు. రెండు నెలలు కష్టపడి రాసిన ప్రోగ్రామును అమెరికా కంపెనీకి అప్పజెప్పి, “చూసి ఈరోజే రివర్ట్ చేయగలరు” అని తన పేరుతో మెయిల్ పెట్టింది.

మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వడం. అక్కడ, అందులోనూ ప్రోగ్రాములు రాసేవాళ్ళకు, రివర్ట్ అంటే కొత్తది పీకేసి పాతదాన్నే మళ్ళీ పెట్టడం. అక్కడి ఇంజనీరు బుద్ధిమంతుడు. చెప్పింది చేశాడు.

పొద్దున హరిత మియాపూర్ నుంచి ఆఫీసుకొచ్చేసరికి ఆమె ప్రోగ్రాము లేదు. “మీరు అడిగినట్టే తీసేశాం. ఏమైనా లోపం కనబడిందా?” అని మర్యాదగా ఒక మెయిల్ ఉంది.

“ఏంది హరితా, గిట్లెట్ల చేసినవ్?” అంది పక్క సీటు నీహారిక.

“సారు పెట్టమన్న మాటే అది.”

“సారు ఒప్పుకుంటడా? జర పైలం. ఈ నెలతోని నీ ప్రొబేషన్ అయిపోతది. నిన్ను ఉంచాల్నా పంపాల్నా చెప్పేది గాయనే.”

ప్రోగ్రాము కాపీ హరిత దగ్గరుంది, మళ్ళీ పెట్టొచ్చు. పోయిన పేరుకు కాపీ ఉండదు.

డైరెక్టర్ కాల్ పెట్టాడు. రామ్మోహనరావు గొంతు తేనెలా ఉంది. “కొత్తమ్మాయండి. రూరల్ బ్యాక్‌గ్రౌండండి. ఇంగ్లీషు కొంచెం వీకండి.” హరిత ఆయన పక్కనే కూర్చుని ఉంది. ఆ కాల్‌లో మ్యూట్‌లో పెట్టింది ఆమె ఒక్కదాన్నే.

“ఇలాంటి మెయిల్ ఇంకొకటి వెళ్తే, రాసినవాళ్ళు ఇక్కడ ఉండరు,” అన్నాడు డైరెక్టర్.

కాల్ అవగానే రామ్మోహనరావు కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇప్పుడు సరిచేసే మెయిల్ పెడదాం. నేను చెప్తా, నువ్వు రాయి. ‘మీరు చేసిన రివర్ట్‌ను రివర్ట్ చేసి, ఆ పని కాగానే మాకు రివర్ట్ చేయగలరు.’”

హరిత వేళ్ళు ఆగిపోయాయి. “సార్, వాళ్ళు మళ్ళీ...”

“మళ్ళీ డౌటా? మాట కరెక్టేనమ్మా. వాళ్ళకే అర్థం కాలేదు.”

హరిత తెర వంక చూసింది. ఆయన వంక చూసింది.

“ఇంత పెద్ద ఇంగ్లీషు నా పేరుతో పోతే నమ్మరేమో సార్. నాది వీకని ఇప్పుడే చెప్పినారు గదా. మీ పేరుతో పోతే బరువుగా ఉంటుంది.”

“అదీ నిజమేలే,” అన్నాడు రామ్మోహనరావు. తన లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో అక్షరం ముచ్చటపడి కొట్టాడు. కింద పేరు, హోదా చేర్చాడు.

“డైరెక్టర్ గారికి కూడా కాపీ పెట్టమంటావా?”

“పెట్టండి సార్. చూడాల్సిందే ఆయన.”

ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆమెకు ఇంగ్లీషులో కూడా వచ్చు. రామ్మోహనరావు సెండ్ నొక్కేదాకా హరిత నోరు విప్పలేదు.