కంప్యూటర్ సదిరిన ఆదివారం

1989లో హనుమకొండలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో సారంగపాణి ఒకడు. చౌరస్తా దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఆయనది. హైదరాబాదు నుంచి ఒక్కో భాగాన్నీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మూడు నెలలు కూర్చుని బిగించాడు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగిన రోజు వాడకట్టంతా పేడాలు పంచాడు.

ఆయన భార్య విజయలక్ష్మి దవాఖానలో, రక్తం నిలవచేసే బ్లడ్ బ్యాంకులో పనిచేసేది. ఆమెకు ఆ యంత్రం మీద మోజేమీ లేదు. కానీ దానితో ఒక్క పని మాత్రం పడింది. రక్తం ఇచ్చిపోయిన వాళ్ళ పేర్లు, గ్రూపులు, చిరునామాలు పదేళ్ళుగా నోటుబుక్కుల్లో రాసిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. అవన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తే ఏ గ్రూపు అడిగితే ఆ గ్రూపు వాళ్ళు క్షణంలో కళ్ళముందుకు వస్తారని భర్త ఊరించాడు. ఆరునెలల పాటు వంటయ్యాక కూర్చుని మూడువందల నలభై మందిని ఎక్కించింది. నోటుబుక్కులు అటకెక్కాయి.

మొదట్లో నిజంగానే క్షణంలో వచ్చేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు సంతయింది.

కంప్యూటర్ చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ రెండోసారి చేతిలో ఒక ఫ్లాపీ పట్టుకుని వచ్చేవాడు. బట్టల దుకాణం వీరభద్రం జాతకాలు చెప్పే ప్రోగ్రాం తెచ్చాడు. ఒక లెక్చరర్ చదరంగం తెచ్చాడు. బ్యాంకులో పనిచేసే ఆయన తెర మూలన గడియారం కనిపించేట్టు చేసేది తెచ్చాడు. సారంగపాణి ఎవరినీ కాదనలేదు. అన్నీ లోపల వేశాడు. పైగా తెచ్చినవాళ్ళు సంతోషపడాలని, యంత్రం లేవగానే అవి కూడా వాటంతటవే లేచేట్టు పెట్టాడు.

"ఎవలకు పనికొచ్చేటియి గావు, తీసెయ్యుండ్రి" అని విజయలక్ష్మి ఎన్నిసార్లు అందో!

"ఉంటే ఏంబోతది విజయా? దానికేమన్న అన్నం పెట్టాల్నా?" అనేవాడు ఆయన.

అన్నం పెట్టకపోయినా అవి తినేవి. క్షణంలో వచ్చే పేర్లు నిమిషానికి, తర్వాత అయిదు నిమిషాలకు, శ్రావణం వచ్చేసరికి పావుగంటకు గాని రావడం లేదు. ఈలోగా ఆమె పప్పు పొయ్యి మీద పెట్టి, దించి, తాలింపు కూడా వేసేది. 

ఒక గురువారం మధ్యాహ్నం ఆమెకు డ్యూటీ లేదు. సారంగపాణి టీవీ యాంటెన్నా బిగించడానికి హసన్‌పర్తి పోయాడు. గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాల, చేతిలో దవాఖాన చీటీ. ఏటూరునాగారం అవతలి పల్లె నుంచి వచ్చాడట. పేరు పోశయ్య.

"నా బిడ్డె సమ్మమ్మ పొద్దుగాల కాన్పయింది బిడ్డా. నెత్తురు ఆగుతలేదు. ఆ నెత్తురు దవాఖానల లేదన్నరు. నీ తాన పేర్లున్నయట, పొమ్మన్నరు."

చీటీ చూసింది. ఓ నెగెటివ్. నూటికి ఒకరిద్దరికి మించి ఉండని గ్రూపు. తన జాబితాలో నలుగురో అయిదుగురో ఉన్నట్టు గుర్తు. ఎవరో, ఎక్కడో గుర్తులేదు. గుర్తుపెట్టుకునే పని యంత్రానిదని వదిలేసింది మరి.

"కూసో పెద్దయ్యా, ఇప్పుడే తీస్తా" అని స్విచ్ వేసింది.

ముందు గడియారం లేచింది. తర్వాత క్యాలెండర్ లేచింది. దాని వెనక ఇంకో క్యాలెండర్. ఆ తర్వాత చుక్క పక్కన చుక్కగా వినాయకుడి బొమ్మ పడటం మొదలయింది. కిరీటం, చెవులు, తొండం. నడుమ ఆపే కిటుకు ఆమెకు తెలియదు. పోశయ్య లేచి నిలబడి తెరకు దండం పెట్టాడు.

"దేవుడు కనవడుతాండు బిడ్డా. మంచిగైతది."

ఆమెకు ఏడుపు, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. బొమ్మ పూర్తయ్యాక ఏదో పాట మోగింది. జాతకాల ప్రోగ్రాం పుట్టిన తేదీ అడిగింది. దాన్ని వదిలించుకుని తన జాబితా తెరవబోతే, యంత్రం మెమరీ చాలదని తెర మీద ఒక ముక్క రాసి ఆగిపోయింది. ఆర్పి మళ్ళీ వేసింది. మళ్ళీ గడియారం, మళ్ళీ క్యాలెండర్లు, మళ్ళీ కిరీటం. ఈసారి తొండం సగంలోనే యంత్రం బిగుసుకుపోయింది.

అప్పటికి అరగంటయింది.  పోశయ్య తువ్వాల కొసను ముడేస్తున్నాడు, విప్పుతున్నాడు.

"దీన్ని తగలెయ్య!" అని విజయలక్ష్మి స్టూలు జరుపుకుని అటకెక్కింది. దుమ్ము కొట్టుకుపోయిన నోటుబుక్కులు కిందికి పడేసింది. గ్రూపుల వరస లేదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు రాసినవి. నేల మీదే కూర్చుని వేలు పెట్టి ఒక్కో గీతే చూసుకుంటూ పోయింది. మూడో పుస్తకంలో దొరికాడు. రాజమల్లు, జంపఖానాల మగ్గం, కొత్తవాడ.

ఆటోలో ఇద్దరూ కొత్తవాడ పోయారు. రాజమల్లు గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఏడేళ్ళ కింద ఒకసారి రక్తం ఇచ్చినవాడు, ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. యంత్రం అరగంట తిన్న సంగతితో సహా ఆమె చెబుతుంటే సగంలోనే లేచాడు.

"ఇంటికాడ మనిషిని కూసోవెట్టుకొని ఇంతసేపా మేడం! జర ముందు రావద్దా?" అన్నాడు అంగీ తొడుక్కుంటూ.

మామూలుగా అన్నమాటే. ఆమెకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

సాయంత్రానికి సమ్మమ్మకు రక్తం ఎక్కింది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని కూడా చెప్పింది. పోశయ్య వరండాలో నిలబడి తువ్వాల ముడి విప్పుకున్నాడు. విజయలక్ష్మి ఇంటికొచ్చి స్నానం చేసి, భర్త అన్నం తినేదాకా ఆగి, అంతా చెప్పింది. గొంతు పెంచలేదు. సారంగపాణి చేయి కడుక్కుని కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. స్విచ్ జోలికి పోలేదు.

"ఆదివారం దీన్ని సదురుదాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నారు. ముందు జాబితాను రెండు కొత్త ఫ్లాపీల మీదికి ఎక్కిద్దామన్నది ఆమె. వెతికితే జాబితా మూడుచోట్ల ఉంది. ఒకదాంట్లో మూడువందల నలభై పేర్లు, ఒకదాంట్లో రెండువందల పన్నెండు, ఇంకోదాంట్లో తొంభై ఏడు.

"గిదేంది?"

"ఎందుకైనా మంచిదని కాపీ జేసి పెట్టిన."

"మూడింట్ల ఏది అసలుదో మీకన్న ఎరుకేనా?"

ఎరుక లేదు. నోటుబుక్కులు ముందేసుకుని పేరు పేరునా పోల్చి, మూడువందల నలభై ఉన్నదే అసలుదని తేల్చుకునేసరికి పదకొండయింది. అప్పుడు మొదలయింది తీసివేత. ఆమె ఒక్కో ప్రోగ్రాం పేరు చదివేది, ఆయన ఒక్కోదానికీ వకాల్తా పుచ్చుకునేవాడు. చదరంగాలే నాలుగు తేలాయి.

"మీకు చదరంగం రాదు గద!"

"నేర్సుకుందామని."

ఒక ప్రోగ్రాం ఏం చేస్తుందో ఆయనకే తెలియలేదు. నడిపి చూస్తే, ఇంటి పైకప్పు మీద ఎంత మంచు పేరుకుంటే కప్పు కూలుతుందో లెక్కగట్టేది. మే నెలలో డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఊళ్ళో!

"ఇది ఎవలిచ్చిండ్రు?"

"యాదికి లేదు విజయా. ఆయినె పాపం శానా దూరంకెల్లి వచ్చిండు."

ఆమె తల పట్టుకుంది. పట్టుకున్న చేత్తోనే మీట నొక్కింది. మంచు పోయింది. వెనకాలే క్యాలెండర్లు, గడియారం, పాట పోయాయి. జాతకాల దగ్గర ఆయన మీటకు చేయి అడ్డం పెట్టాడు. వీరభద్రం మనసు నొచ్చుకుంటాడన్నాడు. "సమ్మమ్మ జాతకం అడుగుదాం పట్టుండ్రి" అన్నది ఆమె. ఆయన చేయి తీసేశాడు.

చివరికి వినాయకుడు మిగిలాడు. అన్నిటికంటే ఆమెకు కసి దాని మీదే.

"గీ బొమ్మ ఎవలిది? పొద్దంతా తిన్నది ఇదే."

సారంగపాణి తెర మీది దుమ్ము తుడిచాడు. రెండోసారి అడిగితే, "నేనే జేసిన" అన్నాడు. నిరుడు చవితికి మొదలుపెట్టి నలభై రోజులు, కాగితం మీద గళ్ళు గీసుకుని, ఒక్కో చుక్క ఎక్కడ పడాలో తనే రాశాడట. ఎవరి దగ్గరా కాపీ చేయనిది అదొక్కటే. వచ్చినవాళ్ళందరూ తమ ఫ్లాపీ సంగతే మాట్లాడారు గాని, బొమ్మ ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా ఇవ్వాళ్టిదాకా అడగలేదు.

విజయలక్ష్మి మీట మీది వేలు తీసింది. "ముందే చెప్పొద్దా?" అన్నది విసుగ్గానే. "ఫ్లాపీ మీద పెట్టుండ్రి. కావల్నంటే సూసుకుందాం. లేవంగనే మాత్రం రావద్దు."

ఆయన దాన్ని ఫ్లాపీ మీదికి ఎక్కించి, అట్ట మీద పేరు రాసుకుని, లోపలున్నదాన్ని తన చేత్తోనే తీసేశాడు.

ఆర్పి మళ్ళీ వేశారు. నిమిషం కూడా పట్టలేదు. ఓ నెగెటివ్ అని కొడితే నలుగురు వచ్చారు. ఆమె ఆ నాలుగు పేర్లూ రెండుసార్లు చదివింది. సంతోషం వేయలేదు. గురువారానికి ముందే ఈ పని ఎందుకు చేయలేదని ఒళ్ళు మండింది.

నాలుగింటికి వీరభద్రం వచ్చాడు. వెంట ఒక చుట్టం, చేతిలో కొత్త ఫ్లాపీ.

"సారంగం, మా షడ్డకుని బిడ్డెకు సంబంధం జూస్తానం. జర జాతకం తియ్యి. ఇగో, ఇది పెండ్లి ముహూర్తాలది, ఇది గూడ ఎయ్యి."

సారంగపాణి భార్య వైపు చూశాడు. ఆమె కావాలనే చూపు తిప్పుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. 

"జాతకాలు తీసేసిన వీరభద్రన్నా. ఇది గూడ ఎయ్య."

"తీసేసినవా? ఉంటే ఏంబోతది?"

"మనిషి పాణం పోతది" అని సారంగపాణి గురువారం సంగతి చెప్పుకొచ్చాడు. వీరభద్రం మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. కానీ చుట్టం ముందు చిన్నతనమయిందేమో, చాయ్ కూడా తాగకుండా చెప్పులు వేసుకున్నాడు.

"నారాజయిండు. ఇగ రాడు కావచ్చు" అన్నాడు సారంగపాణి గేటు వైపే చూస్తూ.

"వస్తడు తియ్యుండ్రి" అన్నది విజయలక్ష్మి.

మూడు వారాలకు వచ్చాడు. ఫ్లాపీ తేలేదు. చాయ్ తాగుతూ, తన రక్తం గ్రూపేదో తెలుసుకోవాలంటే దవాఖానలో ఎవరిని కలవాలో అడిగాడు.