తెల్లగా మిగిలిన కుండలు

నిరుడు ఆగస్టులో శాంటా ఫే సంతలో మా డెల్ఫీనా కుండకి మొదటి బహుమతి నీలం రిబ్బన్ కట్టారు. పెద్దమ్మ కూతురు కదా అని మురిసిపోతూ దగ్గరికి వెళ్లి చూద్దును కదా, కుండ మెడ మీద మా అమ్మ తూనీగ. ఎడమ రెక్క పొట్టిగా ఉండే తూనీగ. మా ప్వెబ్లో ఊరు మొత్తంలో అది వేసే చెయ్యి అమ్మదొక్కటే. ఇదెక్కడిదని ఎవరో అడిగితే "కలలో కనిపించింది" అంది మహాతల్లి. నాకు ఒళ్లు మండిపోయింది. వేళ్లు బిగుసుకుపోయి, రంగు పుల్ల పట్టుకోలేక అమ్మ మూల కూర్చుని మూడేళ్లయింది. ఆవిడ సొత్తు దోచుకుని కలంటుందా?

ఏడాది పొడుగునా ఆ మంట కడుపులో పెట్టుకుని తిరిగాను. ఈ జులైలో తనే వచ్చింది.

"సబీనా, తెల్లమట్టి అయిపోయిందే. ఓ బుట్టెడు పెట్టవూ? సంత దగ్గర పడింది."

పూత వేసే ఆ తెల్లమట్టి గుంట ఎక్కడుందో అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు. ఆకు ఉడికించి తీసిన మా నల్లరంగు ఆ మట్టి మీదే నిలుస్తుంది. వేరే మట్టి మీద వేస్తే మంటలో ఎగిరిపోతుంది.

"దానికేం అక్కా, ఒకటేం ఖర్మ, రెండు బుట్టలు పట్టుకెళ్లు."

రోడ్డు గట్టున తవ్విన మట్టి ఇచ్చాను. చూడ్డానికి అచ్చం అదే తెలుపు.

కుండలు కాల్చే రోజు పొద్దున్నే వాళ్ల పెరట్లో హాజరయ్యాను. గాలి లేదు, పిడకలు చక్కగా కాలాయి. బూడిద లాగి చూస్తే పదకొండు కుండలు, ఒక్కదాని మీదా నల్లగీత మిగల్లేదు. నెల రోజుల పని. డెల్ఫీనా ఒక్కో కుండనీ కర్రతో తిప్పి తిప్పి చూసింది. నాకు పండగలా ఉంది.

"ఎక్కడిదే ఆ మట్టి?"

"ఏమో. నీకు కలలో కనిపించలేదా?"

మా గొంతులు విని పక్కనే ఉన్న మా ఇంట్లోంచి అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. బుట్టలో మిగిలిన మట్టిని అరచేతుల మధ్య నలిపి చూసింది.

"రోడ్డు గట్టుది," అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఆ తూనీగని దానికి నేనే ఇచ్చానే. మట్టి తవ్వమంటే తవ్వావు. కూర్చుని గీత నేర్చుకోమంటే పదేళ్లూ విసుక్కున్నావు. అది రోజూ వచ్చి నా పక్కన కూర్చుంది."

"మరి కల అని ఎందుకు చెప్పింది?"

"నేనే చెప్పమన్నాను. కూతుర్ని కాదని దానికిచ్చానంటే ఊళ్లో నువ్వు తలెత్తుకోగలవా?"

అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. అమ్మ డెల్ఫీనా భుజం మీద చెయ్యి వేసింది.

"పద, గుంట చూపిస్తాను. ఎండెక్కకముందే పోదాం."

అంతా ఎగువ దారి. ఆవిడ మోకాళ్లు పట్టేసి వీధి దాటి ఏడాదయింది.

"నేనూ వస్తానమ్మా," అన్నాను.

"నువ్వా కుండలు సర్దు," అంది, వెనక్కి తిరగకుండా.

ఇద్దరూ కొండ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత ఒక్కొక్క కుండే బూడిదలోంచి తీసి గోడ వారగా పెట్టాను.