కట్టే పడవలు, వచ్చే పడవలు

రేవు మొత్తం కొట్టుకుపోయిన వరద తర్వాతి ఏడాది అది. డైరెక్టరమ్మ ఆ దేశానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పేద దేశాలకు తన ప్రభుత్వం చేసే సాయాన్ని దగ్గరుండి నడిపించడం ఆవిడ ఉద్యోగం. పడుచుతనం నుంచీ అదే పని. మూటాముల్లె సర్దుకుని దేశాలన్నీ తిరిగింది. వెంట మొగుడూ తిరిగాడు.

వరదలో జాలర్ల పడవలన్నీ పోయాయి. కొత్తవి ఇప్పించాలి. ఇక్కడి వడ్రంగుల చేతే కట్టించాలని ఆవిడ పట్టు. వాళ్ల కొట్టాలు ఖాళీగా ఉన్నాయి. ఉలి పట్టిన చేతులు తట్టలు మోస్తున్నాయి. ఇలాగే ఉంటే తలో దిక్కూ పోతారు. ఆ పైన పడవ కట్టేవాడే దొరకడు.

స్వదేశం నుంచి కార్యదర్శి దిగాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు పైఅధికారి. ఓడలో ఫైబరు పడవలు తెప్పించే కాగితం బల్లమీద పెట్టాడు.

"సంతకం పెట్టండక్కా. మన డబ్బు, మన ఫ్యాక్టరీ. ఏవైతేనేం, పడవలేగా!"

"పగిలితే అతుకెవరేస్తారు? నువ్వొస్తావా?"

"జాలర్లే వద్దనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఊరికే వస్తే ఎవరొద్దంటార్రా? వడ్రంగుల్ని అడిగావా?"

అతను కాగితం ఇంకాస్త ముందుకు జరిపాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సంతకం పెట్టకపోతే ఎల్లుండికి మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారక్కా. రిటైరయ్యే ముందు ఎందుకొచ్చిన గొడవ?"

"అందాకా కుర్చీ నాదేగా."

కాగితం వెనక్కి తోసింది. కలప కొనే అధికారం ఆవిడకుంది. కుర్చీలో ఉన్నంతవరకే. అతను గడప దాటగానే కలప వ్యాపారికి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా దుంగలు కోతమిల్లుకు చేరాలంది. పడవల మేస్త్రిని పిలిపించింది.

ముసలి మేస్త్రి తల గోక్కున్నాడు. "కొన్నా, రేపు ఆ బాబు వెనక్కి పంపించేస్తాడేమోనమ్మా."

"దుంగలైతే పంపిస్తాడు. పడవ కొలతకి కోసిన పలకల్ని ఎవడు తీసుకుంటాడు?"

మేస్త్రి నవ్వాడు. "గట్టిదానివే తల్లీ!"

ఇంటికెళితే మొగుడు ఆవిడ మొహం చూసి అటకవైపు చూశాడు.

"పెట్టెలు దించమంటావా?"

"దించండి. రేపు మాత్రం నన్ను పెందలాడే లేపండి."

"నిన్ను లేపడమా! నువ్వు పడుకుంటే కదా."

మర్నాడు తెలతెలవారుతుండగా ఆవిడ కోతమిల్లు గేటు ముందుంది. మిల్లువాడు కళ్లు నులుముకుంటూ తాళం తీశాడు. మేస్త్రి మొదటి దుంగమీద గీత కొట్టి ఆవిడవైపు చూశాడు.

"కోయండి," అంది.

రంపం తిరిగింది. చివరి దుంగ పలకలయ్యేదాకా, చీరంతా పొట్టు పడుతున్నా, ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు.