లోటు లేని ఇంటి కుర్చీ

నేను ఒక కుర్చీని. నా వీపు నెమలి పింఛంలా విప్పుకుని ఉంటుంది. చేతులు ఆనించుకునే చోట రెండు సింహం తలలున్నాయి. ఇంత గొప్ప చెప్పుకున్నాక, నా సీటు మీది ఎర్ర మఖమల్ గుడ్డ కుడి మూల చిరిగిందని కూడా చెప్పాలి. ఆ చిరుగు మీద తువ్వాలు పరచాలా వద్దా అన్నదే ఆ ఉదయం ఇంట్లో తగాదా.

ధనకుమారి కొత్త టర్కీ తువ్వాలు తెచ్చి నా మీద పరిచింది. ఆమె భర్త రాఘవులు తీసేశాడు. ఆమె మళ్ళీ పరిచి, అంచులు సరిచేసింది. అతను మళ్ళీ తీసేశాడు.

“చిరుగు కనపడుద్దండీ.”

“తువ్వాలేస్తే సెలూన్ కుర్చీలాగుంది. తీసెయ్.”

“వచ్చే ఆవిడ చీర మేకుకి పట్టుకుంటేనో?”

“మేకుల్లేవక్కడ. నాకు తెలవదా? ముప్పయ్యేళ్ళ బట్టీ తుడుస్తున్నా దీన్ని.”

“దీన్ని తుడిచారు. ఒక్క పూట అన్నం గిన్నె తుడిచారేమో చెప్పండి.”

వాళ్ళ కూతురు హిమబిందు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది. “అసలా కుర్చీ ఇంట్లోకి ఎందుకు నాన్నా? దాని చోటు స్టూడియో కదా,” అంది. చివరికి తువ్వాలు వేయలేదు. చిరిగిన మూలను గోడవైపుకి తిప్పి నన్ను కాస్త వాలుగా నిలబెట్టారు. మనుషుల తగాదాలు ఎక్కువగా ఇలాగే తీరుతాయి. ఎవరూ ఓడిపోరు, కుర్చీ పక్కకు తిరుగుతుంది.

నేను పుట్టింది తెనాలిలో. సుబ్బాచారి అనే వడ్రంగి ఒక నాటక సమాజం కోసం నన్ను చేశాడు. నాది మామిడి చెక్క. టేకుకు డబ్బు చాలక, మామిడి చెక్కకే నగిషీ చెక్కి బంగారు రంగు పూశాడు. దీపాల వెలుగులో నాలుగో వరుస దాటి కూర్చున్నవాళ్ళకు నేను నిజంగా బంగారమే. నా మీద కూర్చున్న దుర్యోధనుడు పగలు కిరాణా కొట్లో పొట్లాలు కట్టేవాడు. ధర్మరాజుకు మోకాళ్ళ నొప్పులు. లేచేటప్పుడు నా సింహాల చెవులు పట్టుకుని లేచేవాడు. అందుకే ఒక చెవి కాస్త వదులు.

సమాజం మూతపడ్డాక సామాను అమ్మకానికి పెట్టారు. అప్పుడు రేపల్లెలో కొత్తగా ఫొటో స్టూడియో పెట్టిన బసవపున్నయ్య నన్నూ, రెండు రంగుల తెరలనూ కొని రైల్లో వేసుకొచ్చాడు. ఆయన రాఘవులు తండ్రి. స్టూడియోలో నా ఉద్యోగం మారలేదు. రాజు కానివాళ్ళను రాజులా కూర్చోబెట్టడమే. పొలం పనికి పోయేవాళ్ళు పెళ్ళయిన మూడో రోజు జంటగా వచ్చేవారు. కుర్చీ మీద కూర్చోవడం కొందరికి అదే మొదటిసారి. అంచు మీద కూర్చుని, నాకు నొప్పి కలుగుతుందేమో అన్నట్టు బరువంతా కాళ్ళ మీదే ఉంచుకునేవారు. గోడకు ఒక నల్ల కోటు వేలాడుతుండేది. లావుపాటి వాడికి ముందు గుండీలు వదిలేసి, సన్నటి వాడికి వెనకాల పిన్నులు పెట్టి, ఆ ఒక్క కోటుతోనే సగం ఊరి పెళ్ళికొడుకులను గట్టెక్కించాడు బసవపున్నయ్య. “మన దగ్గరికొచ్చినోణ్ణి ఉన్నదానికంటే ఒక్క మెట్టు పైన నిలబెట్టి పంపాలిరా. ఫొటో అంటే అంతే,” అని కొడుక్కి చెప్పేవాడు. రాఘవులు ఆ మాట అక్షరాలా నేర్చుకున్నాడు.

తరవాత ప్రతి చేతిలోకీ ఫోను వచ్చింది. ఫొటో కోసం నా మీద ఎవరూ కూర్చోవడం లేదు. ఇప్పుడు స్టూడియోకి వచ్చేది పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం. వాటికి ప్లాస్టిక్ స్టూలు చాలు. స్టూడియో వెనకే వాళ్ళ ఇల్లు. ఒక గది, వంటగది, పైన సిమెంటు రేకులు. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు గుండా ఆ ఇంటి సంగతులన్నీ నాకు వినపడతాయి.

హిమబిందుకు లెక్కలంటే ఇష్టం. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పెట్టిన పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని, లెక్కల కోర్సులో సీటు సంపాదించింది. అక్కడి ఫీజు ఆ ఇంటికి అందేది కాదు. కానీ కట్టలేనివాళ్ళకు ఫీజు మొత్తం మినహాయించే ఏర్పాటు కూడా అక్కడుంది. దానికి దరఖాస్తు పెట్టాలి. మినహాయింపు వస్తే చేరుతుంది, రాకపోతే లేదు. మూడో దారి లేదని ఆ పిల్లకు బాగా తెలుసు.

దరఖాస్తు నా మీద కూర్చునే నింపింది. ఇంట్లో రాసుకోవడానికి వేరే చోటు లేదు. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం నకలు, రేషన్ కార్డు. వాటి తరవాత ప్రశ్నలు. ఇంటి పైకప్పు ఏ రకం? వానాకాలంలో కారుతుందా? ఎన్ని గదులు? రాఘవులు ఆమె భుజం మీదుగా చదివి మొహం చిట్లించాడు.

“ఇంటి రేకుల సంగతి వాళ్ళకెందుకంట? లెక్కలు చెప్పేవాళ్ళా, తాపీ మేస్త్రీలా?”

“అడిగిందానికి రాయాలి నాన్నా.”

“రాస్తే రాశావుగానీ, కారుద్దని రాయకు. ఎప్పుడో పెద్ద వానొస్తే నాలుగు చుక్కలు.”

ఆమె కారుతుందనే రాసింది. రెండు వారాలకు జవాబు వచ్చింది. దరఖాస్తు మొదటి వడపోత దాటిందనీ, పరిశీలన కోసం ఒక అధికారిణి ఇంటికి వస్తారనీ ఉంది.

అధికారిణి ఇల్లు చూడటానికి వస్తున్నదని హిమబిందుకు అర్థమైంది. ఇంటికి అతిథి వస్తున్నదని ఆమె అమ్మానాన్నలకు అర్థమైంది. అక్కడే వచ్చింది చిక్కు.

రాఘవులు నన్ను ఎత్తి ఇంట్లో పెట్టాడు. ప్లాస్టిక్ పూలకుండీలు అటొకటి ఇటొకటి పెట్టాడు. అంతటితో ఆగలేదు. నాతోపాటు తెనాలి నుంచి వచ్చిన తెర ఒకటుంది, నీలి ఆకాశం మీద తెల్ల మబ్బులు వేసినది. దాన్ని నాలుగు మూలలా తాడుతో బిగించి రేకుల కింద కప్పులా కట్టాడు. చెమ్మ మరకలు, తుప్పు పట్టిన కొక్కేలు అన్నీ మాయమయ్యాయి. ధనకుమారి పక్కింటి నుంచి గాజు గ్లాసులు, వాటికి తగ్గ ట్రే తెచ్చింది. జీడిపప్పు వేయించింది. యాపిల్ ముక్కలు నల్లబడకుండా ఉప్పు నీళ్ళలో ముంచి తీసింది. ఆ విషయంలో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు.

“వాళ్ళు చూడటానికొచ్చేది మన ఇబ్బందిని అమ్మా,” అంది హిమబిందు.

“చూడనీ. చూసేవాళ్ళను నిలబెట్టి చూపించాలా? ఆవిడ మూడు గంటలు బస్సులో కూర్చుని వస్తంది.”

వచ్చినావిడ పేరు సులోచన. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడింది. ఆమెను నా మీద కూర్చోబెట్టారు. చాలా కాలానికి ఒక బయటి మనిషి బరువు నా మీద పడింది. ఆ పూట నేను కాస్త గర్వపడ్డాను, దాచుకోను. ఆమె పైకి చూసి మబ్బులు చూసింది. రంగు పోయిన నా సింహాలను నిమిరి, “పాత టేకులాగుంది,” అంది. “మా నాయన నాటిదండీ,” అన్నాడు రాఘవులు. అది అబద్ధం కాదు. టేకు కాదని మాత్రం చెప్పలేదు. నేను చెప్పడానికి నాకు నోరు లేదు.

“ఇల్లు గడవడం కష్టంగా ఉందాండీ?” అని ఆమె అడిగింది.

మా వైపు ఇంటికొచ్చిన మనిషి ఆ మాట అడిగితే జవాబు ఒకటే ఉంటుంది. దానికి ఆలోచన అక్కర్లేదు, మంచినీళ్ళు ఇచ్చినట్టు చేయి చాపి ఇచ్చేదే.

“ఏ లోటూ లేదండీ, గడిచిపోతంది. మీరు జీడిపప్పు తీసుకోలేదు,” అన్నాడు రాఘవులు.

అధికారిణి ఏదో రాసుకుని, జీడిపప్పు రెండు తిని, దణ్ణం పెట్టి వెళ్ళింది. రాఘవులు ఆమె వెనకే బస్టాండు దాకా నడిచాడు. తిరిగొచ్చి, “చాలా మర్యాదస్థురాలు. మనమంటే మంచి అభిప్రాయం కలిగింది,” అన్నాడు.

ఆ అభిప్రాయం తొమ్మిదో రోజున ఉత్తరంగా వచ్చింది. అప్పటికి నేను స్టూడియోలో నా మూలకు చేరాను. హిమబిందు ఉత్తరాన్ని పైకి చదివింది. దరఖాస్తులో పేర్కొన్న గృహ పరిస్థితులకూ, పరిశీలనలో కనిపించిన పరిస్థితులకూ పొంతన లేనందున మినహాయింపు మంజూరు చేయలేకపోతున్నాము. అభ్యంతరం ఉంటే పది రోజుల్లోగా ఫొటోలు, వివరణ జతచేసి పునఃపరిశీలన కోరవచ్చు.

“ఇవ్వలేదని కాదు నాన్నా నా బాధ,” అంది, గొంతు పెంచకుండా. “నేను అబద్ధం రాశాననుకున్నారు.”

“ఎవరన్నారట్టా?”

“పొంతన లేదంటే ఏంటి మరి?”

ధనకుమారి భర్త వైపు చూసింది. “లోటు లేదన్నారుగా. పోయి చెప్పండి, ఉందని.”

“నువ్వు యాపిల్ కొయ్యలా?”

“కోశాను. నేనూ కోశాను,” అని ఆమె లోపలికి పోయింది.

పునఃపరిశీలనకు ఇంటి ఫొటోలు కావాలి. హిమబిందు తండ్రినే తీయమంది. ఫోనుతో తనే తీయొచ్చు. కానీ తండ్రికి తెలియకుండా ఆ ఇంటిని బయటపెట్టడం ఆమెకు ఇష్టం లేదు. రాఘవులు ఒప్పుకోలేదు. “ఈ స్టూడియో పెట్టిందగ్గర్నించీ ఒక్కణ్ణి కూడా తక్కువ చేసి తియ్యలా. నా ఇంటితో మొదలెట్టమంటావా?” అన్నాడు. ఆ మాటలో పంతం ఉంది, బాధ కూడా ఉంది. హిమబిందు మళ్ళీ అడగలేదు. ఊళ్ళోని డిగ్రీ కాలేజీ ఫారం తెచ్చుకుని నింపడం మొదలుపెట్టింది. అక్కడ ఆమె కోరిన కోర్సు లేదు. ఉన్న కోర్సుకే టిక్కు పెట్టింది. ఎనిమిది రోజులు అలా గడిచాయి.

తొమ్మిదో రోజు ఉదయం నాగరత్తమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేపల బుట్ట దించి ఏళ్ళయింది. పెన్షన్ కాగితాలకు ఫొటో కావాలంది. రాఘవులు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, చెంగు సర్ది, “గడ్డం కొంచెం పైకి పిన్నీ,” అన్నాడు.

“సర్దమాక అబ్బాయ్. పోయినసారి ఇట్టాగే సర్ది, కంప్యూటర్లో ముడతలన్నీ తీసేసి ఇచ్చావు. ఆఫీసులో ఆ బాబు ఫొటో చూత్తాడు, నన్ను చూత్తాడు. ఇది నువ్వు కాదు ముసలమ్మా, నీ కూతుర్ని పంపావా అంటాడు. మూడుసార్లు తిరిగా.”

“బాగుండాలని తీశా పిన్నీ.”

“బానే ఉంది. మా ఇంట్లో గోడక్కొట్టుకున్నా. నా పని కావాలంటే మాత్రం నేను ఎట్టా ఉన్నానో అట్టా తియ్యి. ఈ మొహం పెట్టుకునే గదా అడగటానికి పోయేది.”

రాఘవులు దీపాల వెలుగును మెత్తబరిచే గొడుగు పక్కకు తిప్పేశాడు. ముందరి తలుపు నుంచి వచ్చే వెలుతురులోనే తీశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. చేయి అలవాటుగా ముడతల మీదికి పోయింది, ఆగింది. అలాగే అచ్చు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని, “ఇదీ నేను,” అని చెంగులో ముడేసుకుంది.

పదింటికి మొదలైన వాన మధ్యాహ్నానికి కుండపోత అయింది. వెనక గదిలో మూడు చోట్ల కారుతున్నది. ధనకుమారి గిన్నె, బకెట్టు, ఇత్తడి చెంబు పెట్టి, పళ్ళేలు పట్టుకుని స్టూడియోలోకి వచ్చింది. పెద్ద వానకు వాళ్ళ భోజనాలు ఇక్కడే, నా ముందు నేల మీద. పప్పు, దోసకాయ పచ్చడి, మజ్జిగ. తలుపు అవతల చుక్కలు ఒకదాని తరవాత ఒకటి మోగుతున్నాయి. రేపటితో గడువు ముగుస్తుందని ముగ్గురికీ తెలుసు.

ధనకుమారి కూతురికి రెండోసారి అన్నం పెట్టబోయి, “బకెట్టు నిండినట్టుంది, పారబోసొస్తా,” అని లేవబోయింది.

“పారబొయ్యొద్దు,” అన్నాడు రాఘవులు. చేతిలో ముద్ద అలాగే ఉంది. కూతురి వైపు చూడకుండా, పళ్ళెం వైపు చూస్తూ చెప్పాడు. “దేన్నీ జరపొద్దు. మంచం తడిస్తే తడవనీ. వాన తగ్గేలోపు మొత్తం తీస్తాను, పై రేకుల కాణ్ణుంచి. ఉత్తరం కూడా నేనే రాస్తా బిందూ, నువ్వు కాదు. పిల్ల రాసింది నిజం, నేను చూపించింది సెట్టింగని రాసి, కింద నా సంతకం పెడతా.”