బండపెట్టె నీళ్ళు

పొద్దున్నే రెండు జాకెట్లకు కాజాలు కుట్టి, హుక్సులు వేసి, మడిచి సంచిలో పెట్టినాకనే దిల్షాద్ కంప్యూటర్ జోలికి పోయేది. అది తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. వేంపల్లెలో ఆమెకు అన్నం పెట్టేది కుట్టుమిషనే. కంప్యూటర్ అనేది ఉత్త ఇష్టం. ఇష్టాన్ని పని కంటే ముందర కూర్చోబెడితే రెండూ చెడతాయని ఆమె భయం.

నలభై రెండేళ్ళ మనిషి. ఎనిమిదేళ్ళ కింద ఒక బడిలో పాతబడిన కంప్యూటర్లు పారేస్తుంటే, రెండు అడిగి ఆటోలో వేసుకొచ్చింది. యూట్యూబ్ చూసుకుంటూ రెండింటినీ విప్పి, పనికొచ్చే ముక్కలన్నీ కలిపి ఒకటి చేసింది. ర్యామ్ కార్డు కాళ్ళను రబ్బరుతో తుడిస్తే చచ్చిన కంప్యూటర్ లేచి కూర్చుంటుందని తెలిసిన రోజున ఆమె అన్నం కూడా మరిచిపోయింది. లోపలి వైర్లను దారపు ఉండల్లా చుట్టి, కుట్టుపని చేసే చేతితో ఎక్కడికక్కడ కట్టింది. ఫ్యాను రెక్కల దుమ్ము దులపడానికి పౌడరు అద్దుకునే కుచ్చు ఒకటి వేరుగా పెట్టుకుంది. ఊరి జనం తమ ఫోన్లు తెచ్చి ఇచ్చేవాళ్ళు. శుభోదయం బొమ్మలతో నిండిపోయి ఊపిరాడని ఫోన్లు, తెలియక ఏదో నొక్కితే భాష మారి చైనా అక్షరాలు చూపించే ఫోన్లు. అన్నీ బాగుచేసి ఇచ్చేది.

ఎండాకాలం మాత్రం కంప్యూటర్ పన్నెండు కొట్టేలోపల వేడెక్కి ఆరిపోయేది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు పీర్ బాషా అది రెండు ఎండాకాలాలు చూశాడు.

"రేకుల పెట్టెలో పెడితే మనిషైనా నిలుస్తాడా ఆపా?" అని, కడప బండను చపాతీ మందాన కోసి, ఫ్యానుకు గుండ్రంగా కంత పెట్టి, నలుపు మెరిసేలా నునుపు చేసి నాలుగు పలకలు తెచ్చాడు. ఆ పలకలతో పెట్టె కట్టి కంప్యూటర్‌ను అందులో పెట్టారు.

మూడో రోజుకు బండ చెమర్చింది. నాలుగో రోజుకు నీళ్ళు కారడం మొదలైంది. లోపల వైర్లన్నీ పొడిగా ఉండేవి, బయట బండ మాత్రం ఊరేది. దిల్షాద్ కింద స్టీలు గిన్నె పెట్టింది. పక్కింటి గురమ్మ ఒక చెంబెడు తీసుకుపోయి పప్పు ఉడకేసి, "ఈ నీళ్ళలో బేడలు బలే ఉడుకుతాండాయి" అంది. ఆ సంగతి గురించి వీధిలో జరిగిన చర్చ అంతే. పీర్ బాషా ఒక కొళాయి బిగించాడు.

కొన్నాళ్ళకు దాని గుణం అందరికీ తెలిసిపోయింది. అర్జీ టైపు చేస్తే ఒక గ్లాసు. పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కిస్తే అర బిందె. ఎవరి పెళ్ళి పత్రికో దిద్దితే బిందెడు. ఎవరైనా ఆటలాడితే మాత్రం నీళ్ళు రవ్వంత ఉప్పగా వచ్చేవి. గురమ్మ రోజూ గడప దగ్గర నిలబడి అడిగేది.

"ఏమ్మా దిల్షాదూ, కంప్యూటర్‌కు ఈ పొద్దు పనేమన్నా ఉండాదా? ఇంట్లో నీళ్ళు అయిపోయినాయి."

"ఒక దరఖాస్తు ఉంది పెద్దమ్మా. బిందె వద్దు, చెంబు తెచ్చుకో."

దిల్షాద్ ఇంటి వెనక గోడ అవతల రమణి నారుమడి ఉంది. రమణికి ముప్పై ఏళ్ళు. పైన నీడవల కట్టి, ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, మిరప, టమోటా నారు పెంచి రైతులకు ఇచ్చేది. సాయంత్రం చేతులు కడుక్కుని గోడ మీద మోచేతులు పెట్టి నిలబడేది. కొత్త రకం డిస్కు వేస్తే కంప్యూటర్ ఎంత తొందరగా లేస్తుందో, మొన్న ఎక్కించిన లినక్సు ఎందుకు మొండికేసిందో దిల్షాద్ చెప్తూ పోయేది. రమణికి సగం అర్థమయ్యేది కాదు. అయినా "తర్వాతేమైంది?" అని అడిగేది. దిల్షాద్ బతుకులో అట్లా అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

మే నెల మూడో వారంలో రమణి బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి వచ్చింది, తర్వాత అదీ రాలేదు. వీధికి ట్యాంకరు వారానికొకసారి వచ్చేది, అది తాగడానికే చాలదు. మడిలో నాలుగు వందల ట్రేల మిరప నారు ఉంది.

ఆ సాయంత్రం రమణి గోడ దగ్గరికి వచ్చి, ఎప్పటిలా మోచేతులు పెట్టకుండా నిలబడింది.

"ఒకటో తారీకు నుంచి కడపలో బట్టల షాపులో చేరతాండా అక్కా. మాట్లాడి వచ్చినా. ఉండేదానికి ఆడోళ్ళ హాస్టలు కూడా చూసినా."

"నారు?"

"ఇంకా పన్నెండు రోజులు నిలబెడితే రైతులు తీసకపోతారు. రోజుకు ముప్పై బిందెలు కావాల. యాడ తెచ్చేది?"

దిల్షాద్ లోపలికి పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. అవసరం లేని లెక్కలు చేయించి కంప్యూటర్ సత్తా కొలిచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె దగ్గర ఉంది. దాన్ని మరుసటి రోజు తెల్లారి మొదలుపెట్టి సాయంత్రం దాకా నడిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది, గది కొలిమిలా కాగింది, బండ మాత్రం ఎండు బండలాగే ఉండిపోయింది. ఎవరికీ పనికిరాని పనికి అది ఒక్క చుక్క కూడా విడవదని అప్పుడు తెలిసింది.

సరే అని వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. "కంప్యూటర్‌తో పనేమన్నా ఉంటే ఇయ్యండి" అని జీవితంలో మొదటిసారి అడిగింది. ఒకరు బయోడేటా ఇచ్చారు, ఒకరు భజన పాటలు అడిగారు, గురమ్మ తన ఫోన్లో కోడలి నంబరు పెద్దక్షరాలతో కనబడాలంది. అన్నీ చేస్తే నాలుగు బిందెలైంది. రమణి ఆ నాలుగు బిందెలతో నూరు ట్రేలు తడిపి, మిగతా వాటి మీద తడి గోనెలు కప్పింది.

మూడో రోజు పొద్దున ఫోటో స్టూడియో రాజశేఖర్ వచ్చాడు. పసిబిడ్డను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి ఏదో తెచ్చాడు. విప్పితే హార్డ్‌డిస్కు.

"దీంట్లో ఇరవై రెండేళ్ళ పెళ్ళిళ్ళుండాయి అక్కా. చుట్టుపక్కల ఊర్లన్నిటివీ. చేయి జారి కింద పడింది. పెద్ద షాపుల్లో చూపిస్తే ఆశ వదులుకోమన్నారు." ఖాళీ తువ్వాలును మడత పెట్టాడు. "జనం మొహం ఎట్ల చూసేది? షాపు మూసేద్దామనుకుంటాండా."

దిల్షాద్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని కరెంటు ఇచ్చింది. లోపల టిక్కు టిక్కుమంటోంది. కాసేపు ఆగి తిరుగుతోంది, మళ్ళీ టిక్కుమంటోంది.

"దెబ్బ తగిలిందప్పా. సావలేదు. కొంచెం కొంచెంగా వేరే డిస్కులోకి ఎత్తుకోవాల. మొరాయించిన చోట మళ్ళీ మళ్ళీ అడగాల. తొమ్మిది రోజులు పట్టొచ్చు. ఒకటే భయం, మధ్యలో నిలిస్తే ఇంక తిరగదు."

"నీ ఇష్టం అక్కా. నేను మాత్రం ఈడే కూచుంటా."

పదిన్నరకు పని మొదలుపెట్టింది. పదకొండుకు బిందె నిండింది. మధ్యాహ్నానికి కొళాయి కట్టినా కట్టుబడలేదు, బండ నాలుగు వైపులా నీళ్ళు ధారలు కట్టాయి. పెళ్ళి పందిట్లో అడుగు పెట్టగానే చల్లే పన్నీరు వాసన గదంతా నిండింది. దిల్షాద్ కుట్టుమిషను మీది గుడ్డలు గబగబా పైన పెట్టేసి, ప్లాస్టిక్ పైపు తగిలించి, దాని కొసను గోడ మీదుగా అవతలికి విసిరింది.

"రమణీ, పట్టుకో."

రమణి పైపు పట్టుకుంది. వేలితో కొస నొక్కి ట్రేల మీద తుంపర్లు పడేలా తిప్పింది. నాలుగు వందల ట్రేలూ తడిసేదాకా పైపు వదల్లేదు. చివరన గోడ మీదుగా, "ఎన్నాళ్ళొస్తాయి అక్కా?" అంది.

"తొమ్మిది రోజులు, కరెంటు దయతలిస్తే."

"చూద్దాం. సంచి మాత్రం సర్దే పెట్టినా."

దిల్షాద్‌కు ఆ మాట ముల్లులా తగిలింది. పోవద్దని అడగడానికి తనకేం హక్కుందని ఊరుకుంది.

రోజులు గడిచాయి. నూటికి ఎంత ఎత్తుకుందో చెప్పే అంకె తెర మీద మెల్లమెల్లగా పెరుగుతోంది. పది, ఇరవై మూడు, నలభై. దిల్షాద్ కుట్టుమిషను తొక్కుతూ ఒక కన్ను తెర మీదే పెట్టేది. రాజశేఖర్ మూలన కూర్చుని జాకెట్లకు హుక్సులు కుట్టడం నేర్చుకున్నాడు. మొదటి రోజు తలకిందులుగా కుట్టాడు, మూడో రోజుకు చేయి తిరిగింది.

ఆరో రోజు పొద్దున పది గంటలకు వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు టప్పుమని పేలింది. ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. దిల్షాద్ దగ్గరున్న చిన్న బ్యాటరీ కుయ్యి కుయ్యిమంటూ అరవడం మొదలుపెట్టింది. అది నడిపేది ఇరవై నిమిషాలే. తెర మీద అంకె అరవై ఎనిమిది.

పీర్ బాషా లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. సాయంత్రమవుతుందని జవాబొచ్చింది. అప్పుడు గురమ్మ గడపలోకొచ్చి నిలబడింది.

"మా ఇంట్లో ఇన్వర్టరుండాది. నా కొడుకు పెట్టించినాడు. దాన్ని తగిలిస్తే పనికొస్తాదా?"

"వస్తాది పెద్దమ్మా. మీ ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్జు ఆపాల్సొస్తాది."

"ఆపితే ఏమైతాది? విసనకర్ర ల్యాదా?"

పీర్ బాషా మిద్దె మీదుగా వైరు లాగాడు. చిన్న బ్యాటరీలో రెండు నిమిషాలు మిగిలి ఉండగా గురమ్మ ఇంటి కరెంటు అందింది. అది మూడు గంటలు ఆదుకుంది. దాని తర్వాత ఎదురింటిది, దాని తర్వాత రాజశేఖర్ స్టూడియో నుంచి మోసుకొచ్చింది. ఒకటి నీరసించే ముందే ఇంకొకదాన్ని అందించారు. వీధిలో ఒక్క ఇంట్లో టీవీ లేదు, ఫ్యాను లేదు. జనమంతా చాపలు తెచ్చుకుని బండపెట్టె చుట్టూ చేరారు, చల్లగా ఉండేది అక్కడొక్కచోటే కాబట్టి. రమణి కూడా వచ్చి ఇన్వర్టరు మీద వెలుగుతున్న చిన్న దీపానికి కాపలా కూర్చుంది. అది ఎర్రగా మారితే కేకవెయ్యమని దిల్షాద్ చెప్పింది. రమణి రెప్ప వాల్చలేదు. ఆరు గంటలకు కరెంటు వచ్చింది. డిస్కు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పని పూర్తయింది. ఎత్తుకున్నవాటిలో ఏడెనిమిది ఫోటోలు మాత్రం సగానికి బూడిదరంగు తేలాయి. మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నాయి. రాజశేఖర్ ఒక్కొక్కటే తెరుస్తుంటే వీధి వీధంతా వెనక నిలబడింది. గురమ్మ కొడుకు పెళ్ళిలో ఆమె మొగుడు భోజనాల బంతిలో వడ్డిస్తూ కనబడ్డాడు. పోయి ఏడేళ్ళయిన మనిషి.

"చూడు, నెయ్యి ఎట్ల పోస్తాండాడో," అంది గురమ్మ నవ్వుతూ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ఆ చెయ్యి ఎప్పుడూ ఎక్కువే."

ఇంకో ఫోటోలో రాజశేఖరే నెత్తి నిండా జుట్టుతో అద్దంలో కనబడ్డాడు. అది మాత్రం రాకుండా ఉంటే బాగుండేదన్నాడు.

అంతా అయ్యాక దిల్షాద్ వెనక్కి పోయి గోడ మీదుగా చూసింది. నారు బొటనవేలంత ఎత్తున మొదలై, ఇప్పుడు జానెడు ముదురు పచ్చగా నిలబడి ఉంది. పైపు నుంచి వచ్చే ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. బండపెట్టె మళ్ళీ పాత గ్లాసు లెక్కకు వచ్చేసిందని ఆమెకు అర్థమైంది. రమణి పైపును చుట్టి జాగ్రత్తగా గోడ మీద పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కానీ రాజశేఖర్ నోరు ఊరుకునే నోరు కాదు. మరుసటి రోజుకే పులివెందుల నుంచి ఒక ఫోటోగ్రాఫరు రెండు డిస్కులు పట్టుకొచ్చాడు. ఆ మర్నాడు కడప నుంచి ఒకాయన, మొత్తం తడిసిపోయిన ఒక డిస్కు, కాలిపోయిన ఒకటి తెచ్చాడు. దిల్షాద్ వాటికి జాకెట్లకు కట్టినట్టే పేరు రాసిన గుడ్డపీలికలు కట్టి అల్మారాలో వరసగా పెట్టింది. మొదటిదాన్ని తగిలించగానే బండ నల్లగా తడిసింది. ఆమె గోడ మీది పైపు తీసి అవతలికి వేసింది. అటువైపు నుంచి ఎవరో దాన్ని అందుకున్నారు.

ముప్పై ఒకటో తారీకు దాసన్న అనే రైతు ట్రాక్టరు తీసుకుని వచ్చాడు. ఒక మొక్కను ట్రేలోంచి పెరికి, తెల్లటి వేళ్ళు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "పన్నీరు వాసనొస్తాందే" అని, నూటయాభై ట్రేలు ఎత్తించుకుపోయాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరొచ్చారు. మడి సగానికి పైగా ఖాళీ అయింది.

ఒకటో తారీకు పొద్దున దిల్షాద్ గోడ వైపు పోవడానికి జంకింది. పోయే మనిషికి మొహం ఎట్ల చూపించాలో ఆమెకు తెలియలేదు. జాకెట్లు ఐదు కుట్టినాక మాత్రం ఆగలేక, చుట్టూ తిరిగి మడిలోకే పోయింది.

రమణి మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతుల దాకా కొబ్బరిపొట్టుతో ఖాళీ ట్రేలు నింపుతోంది. పక్కన గిన్నెలో టమోటా విత్తనాలున్నాయి. గట్టు మీద ఫోన్ మోగుతోంది.

"అక్కా, కొంచెం ఎత్తి చెవి దగ్గర పెట్టు."

దిల్షాద్ పెట్టింది. అవతల బట్టల షాపు మేనేజరు ఎప్పుడు వస్తున్నావని అడుగుతున్నాడు.

"ఈ నెల రాలేను సార్," అంది రమణి. ఒక్క క్షణం ఆలోచించింది. "వచ్చే నెల కూడా రాలేను. ఇంకెవరినన్నా పెట్టుకోండి. నారు పోస్తాండా."

మాటలు అయిపోయినాక కూడా దిల్షాద్ ఫోన్‌ను పట్టుకునే నిలబడింది. రమణి తల ఎత్తకుండా ఇంకో ట్రే లాక్కుని, గుంత గుంతకూ ఒక్కో విత్తనం వేస్తోంది. దిల్షాద్ చున్నీ కొసతో రమణి ఫోన్ తెర మీది పొట్టు తుడిచింది. ఏడాది నుంచి పట్టించుకోని అప్‌డేట్లు పదకొండు, పైన వరసగా నిలబడి ఉన్నాయి.

ఆమె గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొదటిదాన్ని నొక్కింది.