బూడిద దొరను గీసిన చేయి

బొమ్మల పత్రికలో నా పని మాటలు రాయడం. బొమ్మల నోళ్ల పక్కన బుడగలు గీసి, వాటిలో అక్షరాలు కూర్చేదాన్ని. కాన్వెంటులో సిస్టర్లు నాలుగు గీతల కాగితం మీద దిద్దించిన చేతిరాతే నాకు ఆ ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ నేను పిన్నిని.

మా పత్రికకు ప్రాణం మేఘధీరుడు. నీలి అంగీ, విశాలమైన ఛాతీ, ఎంత పోరాడినా చెదరని జుట్టు. అతణ్ణి గీసేవారు పత్రిక యజమాని. ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. మేఘధీరుడి శత్రువైన బూడిద దొరను గీసేది మా అక్క. పెద్దాయనకు దుష్టుడి ముఖం పట్టుబడేది కాదు. ఎంత కోపంగా గీసినా ఫొటోకు నిలబడ్డ కుర్రాడిలా తేలేవాడు. అందుకని ఆయన తన వీరుణ్ణి ముగించి, దొర ఆకారం మాత్రం తెల్లగా వదిలి చుట్టూ సిరా నింపి, కాగితాన్ని అక్క బల్లకు పంపేవారు. ఆ ఖాళీలో ఆమె దొరకు ప్రాణం పోసేది. చివరికి అది నా బల్ల మీదకు వచ్చేది. తడి సిరా వాసన, కిటికీలోంచి బల్లల మీద వాలే మధ్యాహ్నపు ఎండ, కింద అచ్చుయంత్రం కదిలినప్పుడల్లా గలగలమనే టీ కప్పులు: ఆ గది ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

మొదటి సంచికలలో మేఘధీరుడు ధాన్యం దాచిన వర్తకుల గోదాములు బద్దలు కొట్టేవాడు. ఆ వర్తకులే పత్రికకు ప్రకటనలు ఇవ్వసాగాక, అతని పిడికిలి జేబుదొంగల మీదకు మళ్లింది. దొర మాత్రం మారలేదు. కర్మాగారపు మంటల్లో ఇంటినీ ఇంటివాళ్లనూ పోగొట్టుకుని, లోకం మీద పగబట్టిన మనిషి అతను. అతని పగ తప్పనీ, బాధ నిజమనీ చదివే పిల్లలకు తెలిసేది. అది అక్క గీసిన కళ్ల చలవ.

ఒక వారం కథలో, రొట్టె దొంగిలించిన పాపను దొర చెంపదెబ్బ కొట్టాలి. ఆ పేజీలో మిగతా బొమ్మల గళ్లన్నీ పూర్తిచేసి, అక్కడికి రాగానే అక్క కుంచె కింద పెట్టేసింది.

"ఇది నేను గీయను."

"వాడు దుష్టుడమ్మా తల్లీ!" అన్నారు పెద్దాయన.

"అయితే మాత్రం? పసిపిల్ల మీద చెయ్యెత్తేంత లేకివాడు కాదు మావాడు."

"మీవాడా! ఏమిటి, మేనల్లుడా?"

అక్క కుంచె కడుక్కుని ఇంటికి వచ్చేసింది. వేళ మించిపోతుండడంతో పేజీ అలాగే అచ్చుకు వెళ్లింది. బెదిరిపోయిన పాప, ఆమె ఎదుట చెయ్యెత్తిన మనిషి ఆకారంలో ఒక తెల్లని ఖాళీ. పాఠకులు ఉప్పొంగిపోయారు. చెడుకు ముఖం ఉండదని ఎంత గొప్పగా చెప్పారోనన్నారు. పెద్దాయన ఆ మెప్పును కాదనలేదు.

ఇప్పుడాయన లేరు. మా బల్లల కింద ఆడుకుంటూ పెరిగిన ఆయన మనవడు పాత సంచికలను పుస్తకంగా వేస్తున్నాడు. పోయిన వారం అట్ట నమూనాతో మా ఇంటికి వచ్చాడు. అట్ట మీద ఆ తెల్లని దొరే. అక్షరాలు నా చేత్తోనే రాయాలట. పేరు మాత్రం పెద్దాయనది ఒక్కటేనట.

"రెండు పేర్లయితే రాస్తాను," అన్నాను.

"పెద్దమ్మ చేసిన సాయం గురించి చివరి పేజీలో వేస్తాం కదా, పిన్నీ!"

"సగం పేజీ గీస్తే దాన్ని సాయం అంటారా, నాయనా?"

అక్కకు చూపు మందగించింది గాని చెవులు పాముచెవులు. "చివరి పేజీలో నన్నెవడు చూస్తాడ్రా? అక్కడ జిగురు తప్ప ఏముంటుంది?" అంది కుర్చీలోంచి.

వాడు ఇబ్బందిగా నవ్వాడు. "ఈ బొమ్మ తాతయ్య ఆలోచనేనని అందరూ అంటారు పెద్దమ్మా. కాదంటే ఏదో ఒక రుజువుండాలి కదా!"

"ఆ పేజీ మొత్తం బయటికి తీసి చూడు," అన్నాను. "మిగతా గళ్లన్నిట్లో దొరకు ముఖముందా? ఉంది. పాపను కొట్టేచోట మాత్రమే లేదు. చెడుకు ముఖం లేదని చెప్పదలచినవారు మిగతాచోట్ల ఎందుకు ఉంచుతారు? అక్కడ ఒక చేయి పని మానేసింది. అది మీ తాతగారి చేయి కాదు. ఆయన వీరుడు అన్ని గళ్లలోనూ నిండుగా ఉన్నాడు, చూడు."

వాడు సంచిలోంచి పేజీ తీసి చాలాసేపు చూశాడు. "అంటే తాతయ్య అబద్ధమాడారా?" అని అడిగాడు.

అవునని నేను అనబోతుంటే అక్క అందుకుంది. "ఆడలేదురా. పొగిడితే ఊరుకున్నాడు, అంతే. మంచివాడే."

"ఊరుకోవడమూ అన్యాయమే," అన్నాను.

"నువ్వు కాస్త ఆగవే, జడ్జిగారూ!"

ఆగాను. మంచివాడు తప్పు చేసినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో గీయడం మా పత్రికలో ఎవరమూ నేర్చుకోలేదు. ఆ ముఖం ఇప్పుడు ఈ కుర్రవాడికి ఊహలో కనిపిస్తున్నదని నాకు అర్థమైంది. జాలి వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వాడు అట్టను నా ముందుకు జరిపాడు. "రాయండి పిన్నీ. రెండూ."

రెండు పేర్లకూ ఒకే ఎత్తున గీతలు గీసుకున్నాను. పెద్దాయన పేరు రాశాను. అక్క పేరు దగ్గర కలం ఆగింది. జీవితమంతా అక్కా అని పిలవడమే గాని, ఆ పూర్తి పేరును నా చేత్తో ఏనాడూ రాసి ఎరుగను. మెల్లగా, ఒక్కొక్క అక్షరమే రాశాను.

అక్క అట్టను ముక్కుకు ఆనించుకుని చూసింది. "ఇంత లావుగా రాశావేమిటే? చూసినవాళ్లు నన్ను ఏమనుకుంటారు?"

"ఉన్నదే రాశారనుకుంటారు పెద్దమ్మా," అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ.

అక్క ఒక చేత్తో వాడి చెవి దొరకబుచ్చుకుని మెలిపెట్టింది. రెండో చేయి మాత్రం అట్టను వదలలేదు.