వాగు వద్దన్న కొర్రమట్టలు

బొగ్గు కడిగిన నీళ్లు నిలవ ఉంచే గుంట కట్ట తెగి, ఆ నల్లటి బురదంతా వాగులో పడ్డాక ఖాసింకు పని లేకుండా పోయింది. వాగులో చేపలు పట్టి మందమర్రి సంతలో అమ్మేవాడు. ఇప్పుడు కొనేవాళ్లు సరే, అసలు చేపలే లేవు. తేలినవి తేలాయి. మిగిలినవి గోదావరిలోకి పారిపోయాయో, బురద కిందే ఉండిపోయాయో ఎవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున్నే కంపెనీ జీపు అతని ఇంటి ముందు ఆగింది. సదానందం దిగాడు. కట్ట తెగిన నాటి నుంచి ఊరివాళ్లకు సర్దిచెప్పే పని కంపెనీ అతనికే అప్పగించింది. సర్దిచెప్పీ చెప్పీ మనిషి సగమయ్యాడు.

“ఖాసిం భాయ్, నాకు చాపలు గావాలె.”

“కూరకా సార్?”

“కాదు. వాగులకు.”

ఖాసిం నోరు తెరిచాడు. సదానందం గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. ఎల్లుండి హైదరాబాదు నుంచి కాలుష్యం తనిఖీ చేసే మేడం వస్తుంది. వాగు కోలుకుందని ఆమెకు చూపించాలి. నాలుగు చేపలు కనబడితే చాలు.

“బతికుండాలె. జర హుషారుగ ఉండాలె. మేడం ముంగట ఎగిరి దుంకాలె.”

“ఫికర్ జెయ్యకు సార్. దుంకేటియే తెస్త.”

జీపు పోగానే భార్య సలీమా బయటికొచ్చింది.

“నీకు దిమాఖ్ ఉన్నదా? గా బురదల నువ్వు కాలు వెట్టవు. చాపలను దింపుతవా?”

“ఎన్నాళ్లకు బేరం దొరికింది సలీమా!”

“గిది బేరం గాదు, పాపం,” అని ఆమె తలుపు గట్టిగా వేసుకుంది.

ఖాసిం చెన్నూరు దిక్కు చెరువుల మీద తిరిగి కొర్రమట్టలు కొన్నాడు. మిగతా చేపలైతే దారిలోనే చస్తాయి. కొర్రమట్ట గట్టిది, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. డ్రమ్ములో అవి తోకలు కొడుతుంటే అతనికి ముచ్చటేసింది కూడా.

తనిఖీ రోజు వాగొడ్డున గుడారం వేశారు. కుర్చీలు, పూలదండ, తాగే నీళ్ల క్యాన్లు వచ్చాయి. ఊరి ఆడవాళ్లు తమలో ధైర్యస్తురాలైన కోమలను ముందు పెట్టుకుని చూడ్డానికి వచ్చారు. తనిఖీకి వచ్చిన దీపిక మేడం గుడారంలో చాయ్ తాగుతుండగా, ఖాసిం వెనక నుంచి డ్రమ్ము వాగులోకి ఒంపేశాడు. చేపలు నల్లటి నీళ్లలో మాయమయ్యాయి.

“రండి మేడం, వాగులో మళ్లీ చేపలొచ్చాయి,” అంటూ సదానందం ఆమెను ఒడ్డుకు తీసుకొచ్చాడు.

కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత నీళ్లు కదిలాయి. ఒక కొర్రమట్ట తల పైకెత్తి, ఒక్క ఊపున ఒడ్డెక్కింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక మిగతావన్నీ.

“చూశారా మేడం, ఎంత హుషారో!”

“హుషారు కాదండీ, బయటికొచ్చేస్తున్నాయి.”

“ఎండ కాగడానికి మేడం. చలికాలం కదా.”

ఒళ్లంతా మసి పూసుకున్న ఒక చేప పాకుతూ వచ్చి అతని బూటు మీదికెక్కింది. సదానందం కెవ్వుమని కుర్చీ ఎక్కాడు. ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

ఖాసింకు మాత్రం నవ్వు రాలేదు. చేపలు నోళ్లు తెరిచి కొట్టుకుంటుంటే, పరుగెత్తి వాటిని ఏరి డ్రమ్ములో వేయసాగాడు.

“నీళ్లు! మంచి నీళ్లు తేండ్రి!”

కోమల గుడారంలోకి ఉరికి ఒక క్యాన్ ఎత్తుకొచ్చింది.

“ఏయ్, గవి మేడం తాగెతందుకు!” అని సదానందం కుర్చీ మీది నుంచే అరిచాడు.

“మేడం ఆగుతది సార్, చాపలు ఆగవు!” అంది కోమల.

క్యాన్లన్నీ డ్రమ్ములో ఖాళీ అయ్యాయి. దీపిక మేడం కూడా తన చేతిలోని సీసా మూత తీసి అందులోనే ఒంపింది. తర్వాత ఖాసిం వైపు తిరిగింది.

“ఇవి ఈ వాగు చేపలేనా?”

ఖాసిం సదానందం దిక్కు చూశాడు. సదానందం ఆకాశం దిక్కు చూశాడు.

“కాదు మేడం. చెన్నూరు దిక్కుయి. దుంకేటియి తెమ్మన్నరు, తెచ్చిన. గిటు దిక్కు దుంకుతయనుకోలే.”

మేడం నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. ఆ తర్వాత ఎవరి మాటా వినకుండా వాగు వెంట చాలా దూరం నడిచి, బురద నమూనాలు తీయించింది. నెల తిరక్కుండానే కంపెనీ యంత్రాలు వాగులోకి దిగి బురద ఎత్తడం మొదలుపెట్టాయి. నీళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి గానీ, సదానందం మాత్రం ఆ ఊరి ముఖం మళ్లీ చూడలేదు.

కొర్రమట్టలను ఆరోజే దగ్గర్లో ఉన్న రైతు రాజం పొలం బావిలో వదిలారు. వారం తర్వాత ఖాసిం వాటికోసం పోతే, రాజం గట్టు మీద కూర్చుని వాటికి నూకలు వేస్తున్నాడు.

“పిల్లలు వెట్టనియ్యి ఖాసిం, అప్పుడు తీస్కపో,” అన్నాడు.

“అవి నాయి గదా పటేలా!”

“నీయే. నేను గాదన్ననా? జర కూసో, చాయ్ తాగుదాం.”

ఖాసిం కూర్చున్నాడు. బావిలో చేపలు పైకి తేలి, నూకలు అందుకుని మళ్లీ లోపలికి పోతున్నాయి. ఇద్దరూ చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయారు.